మడత పెట్టిన పేజీ

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. పోయినవారం భాగంలో ఒత్తులు చాలాచోట్ల తప్పాయని, కథ నత్తనడక నడుస్తోందని ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు రాశారు. నిజమే. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక పేజీ రాసేసరికి పక్కన పెట్టుకున్న టీ చల్లారి మీగడ కడుతుంది. తప్పులు మీరే దిద్దుకుని చదవండి. ఆదివారం మధ్యాహ్నం, బల్ల మీద ఆ నోటుపుస్తకం దగ్గర ఆపాను కదా. అక్కడి నుంచే అందుకుంటాను.

"విప్పు," అన్నాడు మా అబ్బాయి.

"విప్పను," అంది కోడలు.

నోటుపుస్తకం ఇద్దరి మధ్యా ఉంది. బ్రౌను అట్ట, మూలలు నలిగిపోయాయి. దాని మీద కోడలు నీళ్ళ గ్లాసు పెట్టింది, ఫ్యాను గాలికి తనంతట తానే తెరుచుకుంటుందేమో అని.

"నిన్న పొద్దున బడికని బయల్దేరిన పిల్ల బడికి రాలేదు. రాత్రి ఇంటికీ రాలేదు. పదిహేనేళ్ళ పిల్ల! ఎక్కడికి పోయిందో అందులో రాసిపెట్టే ఉంటుంది. నువ్వేమో దాని మీద గ్లాసు పెట్టి కూర్చున్నావు."

"రాసే ఉంటుందని మీకెవరు చెప్పారు?"

"లేదని నీకెవరు చెప్పారు?"

కోడలు గ్లాసును అంగుళం పక్కకు జరిపి, మళ్ళీ మధ్యకు తెచ్చింది.

మా కోడలు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. శుక్రవారం శుక్రవారం పదో తరగతి పిల్లలు తమ నోటుపుస్తకాల్లో రెండు పేజీలు రాసి ఇవ్వాలి. ఒకటి ఇంగ్లీషులో. దాన్ని ఎర్రసిరాతో దిద్దుతుంది. రెండోది తమకు తోచింది, తమకు వచ్చిన భాషలో. దాన్ని నిలువుగా సగానికి మడిచి ఇస్తారు. మడిచింది తను చదవదు. మడత మీద తేదీ వేసి సంతకం పెడుతుంది, అంతే. ఆ సంతకానికి అర్థం అందిందని, చదివానని కాదు. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. ఏడాది చివర ఎవరి మడతలు వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తుంది.

"చదవనిదానికి రాయించడం దేనికి?" అని హెడ్మాస్టరు గారు ఒకసారి అడిగారట. "చదవరని తెలిస్తేనే రాస్తారు సార్" అందిట. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఊరుకున్నారట.

ఇప్పుడు ఆయనే పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోను చేశారు.

తప్పిపోయిన పిల్లను కోడలు 'కామా' అని పిలుస్తుంది. ఎంత రాసినా ఫుల్‌స్టాప్ పెట్టదు. ఊపిరాడకుండా కామాల మీద కామాలు. బేకరీ ఆయన కూతురు. తల్లి రెండేళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎవరితోనో లేచిపోయిందని బేకరీ ఆయనే అందరికీ చెప్పాడు.

"ఆరింటికి వాళ్ళ నాన్న, పోలీసులు వస్తారు. అప్పుడు వాళ్ళు విప్పితే నీ పరువేం కాను? ముందే చదివి, ఇదీ సంగతని నువ్వే చెబితే మంచి టీచరంటారు. లేకపోతే తెలిసీ దాచిందంటారు. మడత మీద నీ సంతకం ఉంది," అన్నాడు మా అబ్బాయి.

"చదవలేదని చెబుతాను."

"నమ్ముతారా?"

"పిల్లలు నమ్ముతారు."

"పిల్లలు నీకు ఉద్యోగం ఇవ్వలేదే!" మా అబ్బాయి లేచాడు. ఇళ్ళకు వెళ్ళి కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం వాడిది. ఏ ఇంట్లో ఎంత కాలుతోందో నాకు తెలుసని సరదాగా అంటుంటాడు. ఆ రోజు సరదా లేదు. "లెక్కల మాస్టారి ఫోటో పేపర్లో పడింది. సైన్సు ఆవిడకు కప్పు ఇచ్చారు. పదకొండేళ్ళకు నీకేం మిగిలింది చెప్పు? మడతలు!"

"అవును. మడతలే." కోడలి గొంతు పెరగలేదు. అది పెరగనప్పుడే నాకు ఎక్కువ భయం. "ఇంట్లో అమ్మకు చెప్పనిది, పక్క బెంచీ దానికి చెప్పనిది, మడిచి నా చేతిలో పెట్టి ఆటకు పోతారండీ, చేతులు దులుపుకుని. దాన్ని మించి నాకేం కావాలి?"

మా అబ్బాయి నా వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పమ్మా. నీ మాట వింటుంది."

నేను గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. గింజలు గిన్నెలో వేస్తున్నానో తొక్కలు వేస్తున్నానో చూసుకోలేదు.

"నాకేం తెలుసురా," అన్నాను.

అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

---

ఆ పుస్తకాలు ఉండేది నా గదిలో, నా కుట్టుమిషను మీద. మొత్తం నలభై.

వాళ్ళ గదిలో చోటు లేదు. హాల్లో పెడితే వచ్చేపోయేవాళ్ళు తిరగేస్తారు. "అక్షరం ముక్క రాని మనిషి గది కంటే భద్రమైన చోటేముంది అత్తయ్యా?" అని నవ్వుతూ పెట్టింది, కాపురానికి వచ్చిన కొత్తల్లో. నేనూ నవ్వాను.

నాకు అరవై ఒకటో ఏట, మా ఆయన పోయిన ఏడాది, కోడలు నన్ను అడిగింది. "మీకేం కావాలి అత్తయ్యా? చీర కాదు, మందులు కాదు. మీకు." చివరికి అన్నాను, "నాకేం కావాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదమ్మా. నా పేరు రాయడం నేర్పు" అని. మర్నాడు పలక కొనుక్కొచ్చింది. సాయంత్రాలు బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చునేది. బడిలో నలభై మంది, ఇంట్లో నేను. ఒక్కనాడు విసుక్కోలేదు. వేలు అక్షరం కింద పెట్టుకుని చదవమనేది. ఇప్పటికీ అలాగే చదువుతాను, వేలు కదిలితేనే నోరు కదులుతుంది.

అక్షరాలు నేర్పింది. పుస్తకాల చోటు మాత్రం మార్చలేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అయింది.

మొదట పేపరు చదవబోయాను. అందులో మాటలు కొరుకుడు పడలేదు. అన్నీ రాళ్ళే. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పైన ఉన్న పుస్తకం తీశాను, గుండ్రటి రాత చూద్దామని. మడత దానంతట అదే కొంచెం విచ్చుకుంది. "మా తాత నన్ను గుర్తుపట్టడం మానేశాడు" అని ఉంది. అర్థమైంది! మొట్టమొదటిసారి, కాగితం మీది మాట మనిషి మాటలా వినిపించింది.

అప్పటి నుంచి రెండేళ్ళు. శుక్రవారం వస్తే నాకు నాలిక పీకేది, తినుబండారం దాచిన గదిలో చిన్నపిల్లకు పీకినట్టు. ఒకడికి గొంతు మారిందని సిగ్గు. ఒకతెకు చెల్లెలి మీద ఈర్ష్య. ఎంతమంది రాశారో, "ఇంగ్లీషు టీచర్ నన్ను పేరు పెట్టి పిలిచిన రోజు నాకు అన్నం ఎక్కువ తినబుద్ధవుతుంది" లాంటివి! "ఆవిడ పీరియడ్ ఉందనే బడికి వస్తున్నాను" అని ఒకడు. "ఆవిడకు తెలియకూడదు" అని కింద గీత.

ఆమెకు రావలసిన మెప్పంతా ఆ మడతల్లోనే ఉంది. ఆమె చదవదు. చదివిన నేను చెప్పలేను.

ఆ శుక్రవారం కామా పేజీ చదివాను. ఇదిగో, అందులో ఉన్నది ఇదీ:

"ఈ పేజీకే చెబుతున్నాను, ఇంకెవరికీ కాదు, అమ్మ ఎక్కడుందో తెలిసింది, రైలు ఆఖరి స్టేషన్ ఊళ్ళో పెద్దాసుపత్రిలో బట్టలుతికే చోట పని చేస్తోంది, లేచిపోలేదు, నాన్న కాలిన రొట్టెల రేకు అమ్మ చేతి మీద పెట్టాడు అందుకు వెళ్ళిపోయింది, నేను చూశాను, అమ్మ ఎక్కడుందో తెలిస్తే ఈసారి చంపుతాడు, శనివారం మొదటి బండికి వెళ్తాను, రెండు రాత్రులు అమ్మ పక్కన పడుకుంటాను, సోమవారం మొదటి బండికే వచ్చి ఇంగ్లీషు పీరియడ్‌లో ఉంటాను, టీచర్ నన్ను పాఠం పైకి చదవమన్నారు, అది మానను,"

చివర కూడా కామాయే.

శుక్రవారం సాయంత్రం కోడలికి చెప్పి ఉంటే పిల్ల రైలెక్కేది కాదు. చెబితే నా దొంగతనం బయటపడుతుంది. రెండు రోజులే కదా, వచ్చేస్తుందిలే అనుకుని నోరు కుట్టేసుకున్నాను. ఇప్పుడు వాళ్ళ నాన్న పోలీసులతో వస్తున్నాడు, ఆ పేజీ విప్పించడానికి.

---

నాలుగున్నరకు కోడలు వంటింట్లోకి వచ్చింది. నేను పొయ్యి మీద టీ పెట్టాను.

"అత్తయ్యా, చిక్కుడు తొక్కలు ఉడకేశారు," అంది, పక్క పొయ్యి మీది గిన్నె చూసి.

చూసుకుంటే నిజమే. ఇద్దరం ఒక్క క్షణం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగాక ఆమె గట్టుకు ఆనుకుని నిలబడిపోయింది.

"నాకు భయంగా ఉందత్తయ్యా. ఆయన ముందు అలా మాట్లాడాను గానీ, పొద్దున మూడుసార్లు చెయ్యి మడత దాకా వెళ్ళింది. పిల్లకి ఏమైనా అయితే? నా మాట నిలబెట్టుకోవడానికి ఒక పిల్లని బలి పెడుతున్నానా?"

"ఏం కాదులే."

"మీరెలా చెప్పగలరు?"

టీ పొంగింది. పొయ్యి కట్టేశాను. ఆమె గిన్నె దించింది.

"అమ్మాయ్, నీకొకటి చెప్పాలి," అన్నాను.

"చెప్పండి."

"ఆ పుస్తకాలు..."

"అవును, ఆ పుస్తకాలే!" అంది తను, నా మాట పూర్తి కానివ్వకుండా. "పదకొండేళ్ళల్లో ఒక్కరూ తెరవలేదత్తయ్యా. హెడ్మాస్టరు గారు తెరవలేదు, మీ అబ్బాయి తెరవలేదు. ఆ ఒక్క మాటే నాకు బలం. రేపు బడికెళ్ళి నలభై మంది కళ్ళల్లోకి చూడాలంటే, అది నిజమై ఉండాలి."

నేను గ్లాసుల్లోకి టీ వంచాను.

"ఏదో చెబుతున్నారు?"

"చక్కెర అయిపోయింది," అన్నాను.

ఆమె డబ్బా మూత తీసి చూసింది. సగానికి పైగా ఉంది. ఏమీ అనలేదు. మూత పెట్టి, టీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెబుదాం, అప్పుడు చెబుదాం అనుకుంటూ నేను మూడు గ్లాసులు కడిగినవే కడిగాను. నాలుగోది కడుగుతుంటే బెల్లు మోగింది.

ఆరు కాలేదు. ఐదున్నరే.

---

ముందు కానిస్టేబులమ్మ వచ్చింది. సన్నగా, టోపీ చంకలో పెట్టుకుని. వెనక బేకరీ ఆయన. చేతిలో బిస్కెట్ల పెట్టె.

"నన్ను గుర్తుపట్టారా టీచర్?" అంది కానిస్టేబులమ్మ గుమ్మంలోనే.

కోడలు ఒక్క క్షణం చూసి, "ఆలస్యం!" అంది.

"ఆ ఆలస్యాన్నే. రోజూ మీ పీరియడ్ సగం అయ్యాక వచ్చేదాన్ని."

"ఈ రోజు అరగంట ముందొచ్చావేమే మరి?"

"నేను కాదు టీచర్, ఈయన ఆగలేకపోయారు. వ్యాను తెచ్చి స్టేషన్ ముందు పెట్టి, పదండి పదండి అన్నారు."

బేకరీ ఆయన నమస్కారం పెట్టాడు. మెత్తని మనిషి. గొంతు కూడా మెత్తనే. పొయ్యి సెగకు ముంజేతుల మీద వెంట్రుకే లేదు. బిస్కెట్ల పెట్టె బల్ల మీద, నోటుపుస్తకం పక్కనే పెట్టాడు. పెట్టి, రెంటినీ తిన్నగా సర్దాడు. నాకు ఆ చేతుల మీది నుంచి చూపు తిరగలేదు.

"తల్లి లేని పిల్ల టీచరమ్మా," అన్నాడు. "రాత్రంతా కంటి మీద కునుకు లేదు. నిన్నటి నుంచి పొయ్యి కూడా వెలిగించలేదు. ఎక్కడుందో తెలిస్తే చాలు. కోప్పడను కూడా కోప్పడను."

మా అబ్బాయి కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. వాడు మంచివాడు, ఎవరు ఏడ్చినా ఏడుస్తాడు.

కానిస్టేబులమ్మ కూర్చోలేదు. "టీచర్, ఒక్కటి అడుగుతా. నేను ఏడాదంతా మడిచి ఇచ్చాను. అవి చదివారా?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"పదోది అయ్యాక నీవి నీకే ఇచ్చేశాగా."

"ఇచ్చారు. ఇప్పటికీ నా పెట్టెలో అడుగున ఉన్నాయి." గొంతు సవరించుకుంది. "అప్పట్లో అవి రాసుకోబట్టే బావి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను టీచర్. ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నా."

కోడలు బల్ల అంచు పట్టుకుంది. ఏ పేపర్లోనూ పడని ఫోటో ఆ గదిలో ఆ నిమిషం పడింది. మా అబ్బాయి కూడా చూశాడు.

"ఈ ఇంట్లో ఇంకెవరైనా చదువుతారా?" అంది కానిస్టేబులమ్మ. "డ్యూటీ మీద అడగాలి, ఏమీ అనుకోకండి."

"ఈ ఇంట్లో ఎవ్వరూ చదవరు," అంది కోడలు. "నా ప్రాణం మీద ఒట్టు."

నేను నేల చూశాను.

"మరి ఈ ఎర్ర సంతకం ఏమిటి?" బేకరీ ఆయన గొంతు అంతే మెత్తగా ఉంది. పుస్తకం ఎప్పుడు తీశాడో, గ్లాసు పక్కన ఉంది. మడత మీది సంతకం చూపుడు వేలితో తడుముతున్నాడు. "నా కూతురి రాత మీద మీ సంతకం. శుక్రవారం తేదీ. శనివారం అది మాయం. చదవలేదని మీరంటే నేను నమ్మాలి. సరే, నమ్ముతా. ఇప్పుడు చదవండి."

"మాటిచ్చాను," అంది కోడలు. ఈసారి ఆ మాటలో సత్తువ లేదు.

"పిల్ల శవమై దొరికాక కూడా ఆ మాట మీదే ఉంటారా?"

కోడలు కానిస్టేబులమ్మ వైపు తిరిగి, "నువ్వు విప్పవే. నా వల్ల కాదు," అంది.

"పైకి చదువమ్మా," అన్నాడు బేకరీ ఆయన. "తండ్రిని. నేనూ వినాలి."

కానిస్టేబులమ్మ చెయ్యి చాచింది. పుస్తకం దాకా వచ్చి ఆ చెయ్యి ఆగింది. తను ఒకప్పుడు మడిచిన చెయ్యి అది. ఆ ఆగిన క్షణంలో నేను లేచాను.

"నేను చదువుతాను," అన్నాను.

అందరూ నన్ను చూశారు. గోడ మాట్లాడినట్టు.

"టీచరమ్మ మాటిచ్చింది, విప్పకూడదు. నువ్వు మడిచినదానివి, నీకూ మనసొప్పదు. నేను ఎవరికీ మాటివ్వలేదు. నాకు చదవడం వచ్చు. నెమ్మదిగా చదువుతాను."

"ముసలావిడ ఎప్పటికి చదివేను?" అన్నాడు బేకరీ ఆయన.

"మీకంత తొందరైతే రొట్టెలు వేసుకుని రండి, ఈలోపు అవుతుంది," అన్నాను. ఆ తెగువ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

కానిస్టేబులమ్మ తల ఊపింది. నేను పుస్తకం అందుకుని కిటికీ దగ్గర గోడకు వీపు ఆనించి కూర్చున్నాను, నా వెనక ఎవరూ నిలబడకుండా. మడత విప్పాను. వేలు మొదటి మాట కింద పెట్టాను. కామా రాత నా కళ్ళ ముందు చీమల బారులా పాకింది.

దాన్ని నేను చదవలేదు.

"నేను... పొద్దున... అందరికంటే ముందు లేస్తాను," అన్నాను. "పొయ్యి దగ్గర నిలబడతాను. పరీక్షలయ్యాక బడి మాన్పించి అక్కడే నిలబెడతారని భయం. నాకేం కావాలని... ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు కనక ఈ పేజీకి చెబుతున్నాను. నాకు చదువుకోవాలని ఉంది. ఇంతే."

మా అబ్బాయి ముక్కు తుడుచుకున్నాడు.

నేను తల ఎత్తి కోడలిని చూశాను. ఆమె నా మొహం చూడటం లేదు. నా వేలిని చూస్తోంది.

నా వేలు మొదటి మాట కిందే ఉంది. అసలు కదలనే లేదు.

"అంతేనా?" అన్నాడు బేకరీ ఆయన. "ఎక్కడికి పోతున్నదీ లేదా?"

"లేదు."

"ఇటివ్వండి. నేను చూస్తా."

లేచి నా వైపు రెండడుగులు వేశాడు. నేను మడత పెట్టాను, కాగితం చిరిగేంత గట్టిగా. ఆ చెయ్యి నా దాకా వచ్చింది. వంటింట్లో అట్లకాడ కాలినప్పుడు వచ్చే వాసన నాకు వచ్చిందంటే మీరు నమ్మరు.

"అక్కడే ఆగండి," అంది కోడలు. గట్టిగా, క్లాసులో అన్నట్టు. పెద్దమనిషి బెంచీలో పిల్లాడిలా ఆగిపోయాడు. ఆమె నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. మడత విప్పలేదు. తిన్నగా కానిస్టేబులమ్మ చేతికిచ్చింది. "ఇది నీ దగ్గరుండాలి. ఎవరికీ ఇవ్వకు."

"నేను తండ్రిని!"

"స్టేషన్లో రాసిచ్చి అడగండి, చూపిస్తారు," అంది కానిస్టేబులమ్మ, సంచీలో పెట్టుకుంటూ.

అతని మొహం మళ్ళీ మెత్తబడింది. "సరే. రేపు మొదటి బండి వేళ నుంచి రైల్వే స్టేషన్లోనే కూర్చుంటా. పోయినవాళ్ళు ఎప్పటికైనా దిగాల్సింది అక్కడే. దాని తల్లి కూడా అక్కడే ఎక్కింది." గుమ్మంలో ఆగి, "బిస్కెట్లు తినండి, ఈ పూట వేసినవే," అన్నాడు.

నిన్నటి నుంచి పొయ్యి వెలిగించలేదని చెప్పిన మనిషి.

---

వాళ్ళు మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మా అబ్బాయి వాళ్ళ వెంట కిందికి వెళ్ళాడు.

కోడలు తలుపు దగ్గరే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి, అత్తయ్యా?"

నేను బిస్కెట్ల పెట్టె పక్కకు జరిపాను.

"వారాలా? నెలలా?"

"రెండేళ్ళు."

చెంప మీద కొడితే ఎలా ఉంటుందో ఆమె మొహం అలా అయింది. "నా ప్రాణం మీద ఒట్టేశాను. మీ ఎదురుగా."

"నన్ను తర్వాత ఏమైనా అను. ఇంట్లోంచి పొమ్మను, పోతాను. ముందు విను."

ఆమె చెవుల మీదికి చేతులు వెళ్ళాయి. "వద్దు! అది నేను వినకూడదు!"

"వినాలి. నీ మాట నేను ఎప్పుడో చెరిపేశాను, ఇంక దాచుకోవడానికి అక్కడేమీ లేదు. ఆ పిల్ల రేపు మొదటి బండికి దిగుతుంది, నీ పీరియడ్ కోసం! నీ పాఠం పైకి చదవడానికి! అతను అక్కడే కూర్చుని ఉంటాడు."

చేతులు దిగాయి.

పేజీ మొత్తం అప్పజెప్పాను. రొట్టెల రేకు, తల్లి చెయ్యి, ఆసుపత్రి, మొదటి బండి. కామాల దగ్గర ఊపిరి పీల్చుకుంటూ, ఒక్క మాట పొల్లు పోకుండా. నేను చదువు చెప్పించుకున్నది ఎవరి దగ్గరో ఆమె అప్పుడు విన్నది. కళ్ళు మూసుకుని విన్నది.

"అంతా ఆ కానిస్టేబులమ్మ సంచీలో ఉంది," అన్నాను. "ఆమె చదివితే తెలుస్తుంది. చదవకపోతే..."

"చదవదు," అంది కోడలు. కళ్ళు తెరిచింది. "నాకు తెలుసు. అది నా పిల్ల. మడిచింది విప్పదు."

పదకొండేళ్ళు ఆమె సంపాదించుకున్నదంతా అదే. ఆ నమ్మకమే ఇప్పుడు మా మెడకు చుట్టుకుంది.

కింద వ్యాను స్టార్టయిన చప్పుడు. కోడలు చెప్పులు లేకుండా వరండాలోకి పరిగెత్తింది. వెనకే నేను. బేకరీ వ్యాను ముందు సీట్లో అతని పక్కనే కానిస్టేబులమ్మ కూర్చుని ఉంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. వ్యాను కదిలింది.

"ఆలస్యం!" అని కేక పెట్టింది కోడలు. "ఏయ్, ఆలస్యం! ఆగు!"

వ్యాను ఆగింది.

కిటికీలోంచి రెండు తలలు బయటికి వచ్చి, పైకి, మా వైపు చూశాయి. ఒకటి కానిస్టేబులమ్మది. ఒకటి అతనిది.

"ఏంటి టీచర్?"

కోడలు నోరు తెరిచింది. అతను వింటున్నాడు. ఆమె నా వైపు చూసింది. రెండేళ్ళు నోరు కుట్టుకున్న నా దగ్గర, ఆ నిమిషానికి పనికొచ్చే మాట ఒక్కటి కూడా లేదు. మిగతాది వచ్చే వారం రాస్తాను.

ఇట్లు,
వీధిలో పిల్లలు 'పలక మామ్మ' అని పిలిచే నేను. వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉంటున్నది మా చెల్లెలి ఇంట్లో, ముందు గదిలో. ఉత్తరాలు మాత్రం కోడలి ఇంటికే రాయండి. ఆదివారం ఆదివారం తనే తెచ్చి ఇస్తుంది, విప్పకుండా.